పిల్లల పుట్టినరోజు రిటర్న్ గిఫ్టుకు ఎంత పెట్టాలి: పదమూడేళ్ళుగా సంచులు కడుతున్న అనుభవంతో

మీ పాపకు వచ్చే నెల ఐదేళ్ళు నిండుతున్నాయని, నిజాంపేటలోని మీ అపార్ట్‌మెంటు హాలులో వేడుక చేసి 24 మంది పిల్లలను పిలవాలనుకుంటున్నారని, భోజనాలు, కేకు, అలంకరణ, అన్నీ కలిపి 35,000 రూపాయలు దాటకూడదని అనుకున్నారని రాశారు. అయితే కిందటి నెల అదే హాలులో జరిగిన పుట్టినరోజుకు ఒక్కో పిల్లవాడికి 400 రూపాయల సంచి ఇచ్చారని, దానికి తగ్గితే బాగుండదేమోనన్న సంకోచంతో ఎటూ తేల్చుకోలేకపోతున్నారని కూడా రాశారు. నేను కూకట్‌పల్లిలో ఇంటి నుంచే పదమూడేళ్ళుగా రిటర్న్ గిఫ్టు సంచులు కట్టి ఇస్తున్నాను. అంతకుముందు ఆరేళ్ళు ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్పాను. అందువల్ల ఈ విషయాన్ని అమ్మే మనిషిగానూ చూశాను, పిల్లల మధ్య కూర్చున్న మనిషిగానూ చూశాను.

నా సమాధానం ముందే చెబుతాను, కారణాలు తరువాత వివరిస్తాను. సంచి, లోపలి వస్తువులు, పైన అంటించే కాగితం, అన్నీ కలిపి ఒక్కో పిల్లవాడికి 100 నుంచి 130 రూపాయల మధ్య పెట్టండి. 24 సంచులు కాకుండా 30 సంచులు కట్టించండి. మొత్తం ఖర్చు 4,000 రూపాయల లోపు ఉంటుంది. మీరు అనుకున్న 35,000 రూపాయలలో అది ఇంచుమించు తొమ్మిదో వంతు. నా దగ్గరకు వచ్చే వారికి నేను చెప్పే లెక్క కూడా ఇదే. వేడుక మొత్తం ఖర్చులో పదో వంతు నుంచి ఎనిమిదో వంతు వరకు రిటర్న్ గిఫ్టులకు కేటాయిస్తే భోజనం దగ్గరా, ఆటల దగ్గరా చేయి కట్టేసినట్లు ఉండదు.

ఇక 400 రూపాయల సంగతి. ఆ కుటుంబం తప్పు చేసిందని నేను అనను, వారికి వీలుంది కాబట్టి సంతోషంగా ఇచ్చారు. కానీ ఒక అపార్ట్‌మెంటులో ఒకరి తరువాత ఒకరు పుట్టినరోజులు చేసుకుంటున్నప్పుడు మనం ఇచ్చే సంచి పిల్లవాడి చేతిలో ఎంతసేపు ఉంటుందో తెలియదు కానీ, తరువాత పుట్టినరోజు చేయబోయే తల్లి మనసులో మాత్రం ఒక అంకెగా నిలిచిపోతుంది. 25 మంది పిల్లలున్న చోట సంచికి 400 రూపాయలు అనే రివాజు ఒకసారి పడిందంటే, తమ బిడ్డ పుట్టినరోజు నలుగురిలో చేయాలనుకున్న ప్రతి ఇల్లూ కేకు కోయకముందే 10,000 రూపాయలు పక్కన పెట్టుకోవలసి వస్తుంది. మీరు ఇప్పుడు పడుతున్న సంకోచం ఆ అంకె వల్ల వచ్చిందే. మీరు కూడా 400 పెడితే అది మీతో ఆగదు, మీ తరువాతి వారికి వెళుతుంది.

నాకు ఈ విషయం అర్థమైంది ఒక తల్లి వల్ల. నాలుగైదేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం ఆవిడ మా ఇంటికి ఒక సంచి పట్టుకుని వచ్చారు. వేరే పుట్టినరోజులో తమ అబ్బాయికి వచ్చిన సంచి అది. బల్ల మీద ఒక్కో వస్తువూ తీసి వరుసగా పెట్టి, "దీనికి తగ్గకుండా నలభై కావాలండీ" అన్నారు. నేను లెక్క వేసి 14,000 రూపాయలు అవుతుందని చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరువాత, భర్త ఉద్యోగం పోయి మూడు నెలలైందని, చీటీ పాడిన డబ్బులోంచి ఇస్తున్నామని, ఇంతకాలం ఎవరు పిలిచినా వెళ్ళి తెచ్చుకున్నాం కాబట్టి ఇప్పుడు ఇవ్వకపోతే మాట వస్తుందని నెమ్మదిగా చెప్పారు. అంతకుముందు రెండు పుట్టినరోజులకు పిల్లవాడికి జ్వరమని చెప్పి పంపలేదట. ఆ నలభై సంచులను నేను 110 రూపాయల చొప్పున కట్టి ఇచ్చాను. ఆ రోజు నుంచి ఎవరు వచ్చి ఎంతలో కట్టమంటారని అడిగినా, మీరు పిలిచే ఇళ్ళలో అందరికంటే తక్కువ ఆదాయం ఉన్న ఇల్లు ఏదో ఒక్కసారి తలుచుకుని, ఆ ఇంటివారు తిరిగి ఇవ్వగలిగినంతలో ఇవ్వండని చెబుతున్నాను. మీ ప్రశ్నకు నేను చెప్పిన 100 నుంచి 130 రూపాయలు కూడా ఆ కొలత మీద వచ్చినదే.

మీ ఉత్తరంలో మరొక మాట ఉంది, వచ్చినవారు 500 రూపాయల బహుమతి తెస్తే మనం కనీసం సగమైనా తిరిగి ఇవ్వాలి కదా అని. ఈ ఆలోచన చాలామందిలో ఉంది, అది మన చదివింపుల పుస్తకం నుంచి వచ్చిందని నేను అనుకుంటున్నాను. పెళ్ళిలో ఎవరు ఎంత చదివించారో రాసుకుని, వారింట్లో శుభకార్యం వచ్చినప్పుడు ఆ మేరకు తిరిగి చదివించడం మనకు తెలిసిన పద్ధతే. రిటర్న్ గిఫ్టుకు పేరు ఇంగ్లీషులో ఉన్నా అది చదివింపులకు చెందినది కాదు, తాంబూలానికి చెందినది. పేరంటానికి వచ్చిన ముత్తైదువకు పసుపు, కుంకుమ, తమలపాకులు, వక్క, రెండు అరటిపళ్ళు, నానబెట్టిన శనగలు, వీలుంటే ఒక రవిక గుడ్డ పెట్టి పంపుతాము. ఆవిడ ఏమి తెచ్చిందని చూడము, అందరికీ ఒకే తాంబూలం. భోగిపళ్ళు పోసినప్పుడు కూడా చుట్టూ చేరిన పిల్లలందరికీ ఆ రేగిపళ్ళూ, చెరకు ముక్కలూ, చిల్లర నాణేలూ అందుతాయి, ఎవరింటి పిల్లలన్న లెక్క ఉండదు. పిల్లల పుట్టినరోజు సంచిని ఆ వరుసలో చూస్తే ఎంత పెట్టాలన్న ప్రశ్న చాలావరకు తేలిక పడుతుంది. బహుమతి తెచ్చినవారికీ, చేతులూపుకుంటూ వచ్చినవారికీ ఒకటే సంచి.

మొదటి పుట్టినరోజుకు మాత్రం లెక్క వేరు. దానికి వచ్చేవారిలో ఎక్కువమంది పెద్దవారు, బంధువులు. పేరు కొట్టించిన స్టీలు డబ్బానో, చిన్న గిన్నెనో ఇంటికొకటి ఇవ్వడం మనలో ఎప్పటి నుంచో ఉంది. ఆ గిన్నెలు ఇరవై ఏళ్ళ తరువాత కూడా వంటింట్లో కనిపిస్తాయి. మీది ఐదో పుట్టినరోజు కాబట్టి ఆ చర్చలోకి వెళ్ళను.

24 మందిని పిలిస్తే 30 సంచులు ఎందుకంటే, ఐదేళ్ళ పిల్లలు ఒంటరిగా రారు. చెల్లెలో, తమ్ముడో వెంట వస్తారు. పక్క పిల్లవాడి చేతిలో సంచి ఉండి తన చేతిలో లేకపోతే మూడేళ్ళ పిల్లకు ఏ కారణమూ చెప్పలేము. అదే రోజు ఊరి నుంచి వచ్చిన చుట్టాల పిల్లలు ఉంటారు. అన్నిటికంటే ముఖ్యంగా మీ ఇంట్లో పని చేసే ఆవిడ పిల్లలను, వాచ్‌మన్ పిల్లలను లెక్కలో ముందే చేర్చండి, చివరికి మిగిలితే ఇద్దామని వదిలేయకండి. వారికి వేరే సంచి, తక్కువ సంచి కట్టమని నన్ను అడిగినవారు ఉన్నారు. నేను కట్టి ఇవ్వలేదు. సెల్లారులో ఆడుకునేటప్పుడు ఆ పిల్లలందరూ ఒకే చోట చేరి ఎవరి సంచిలో ఏముందో చూసుకుంటారు.

ఇప్పుడు 120 రూపాయలలో ఏమి వస్తుందో, 400 రూపాయలలో ఏమి పోతుందో చెబుతాను. ఒకసారి ఒక కొనుగోలుదారు కోరిక మీద బయట కొన్న 380 రూపాయల సంచిని విప్పి, అందులోని వాటికి నేను కొనే ధరలు వేసి చూశాను. కార్టూను బొమ్మ అచ్చువేసిన పారదర్శక ప్లాస్టిక్ సంచికే 60 రూపాయలు. పిల్లవాడి ఫొటోతో అచ్చువేసిన కార్డు, రిబ్బను, అడుగున పరిచిన రంగు కాగితపు తురుము కలిపి మరో 35. లోపల ఏడు వస్తువులు ఉన్నాయి. అందులో చప్పుడు చేసే ప్లాస్టిక్ ఈల, వెలిగే ఉంగరం, రెండు స్టిక్కరు షీట్లు, చిన్న సబ్బునీటి బుడగల సీసా, మూతి సరిగా లేని నీళ్ళ సీసా, ఒక చాక్లెట్టు. అన్నీ కలిపి బేగంబజార్ ధరలో 150 రూపాయలు కూడా కాలేదు. మిగిలినది దుకాణం వారి కూలి, లాభం. కూలి, లాభం నాకూ ఉన్నాయి, వాటిని తప్పు పట్టడం లేదు. కానీ పిల్లవాడికి చేరింది మాత్రం ఏడు చిన్న వస్తువులు, అందులో ఒక్కటి కూడా నెల తరువాత ఇంట్లో ఉండదు.

దానికి బదులు నేను కట్టే పద్ధతి ఇది. బ్రౌను కాగితపు సంచి లేదా మందమైన గుడ్డ సంచి 15 నుంచి 25 రూపాయలు, పేరు రాసే చీటీ రెండు మూడు రూపాయలు, నిజంగా ఆడుకోగలిగిన లేదా చదువుకోగలిగిన ఒక్క మంచి వస్తువు 60 నుంచి 80 రూపాయలు, తోడుగా ఒక చిన్న వస్తువు 20 రూపాయలు. అంతే. వస్తువుల సంఖ్య పెంచుదామన్న కోరిక దాదాపు ప్రతి తల్లికీ కలుగుతుంది, ఎందుకంటే సంచి నిండుగా కనిపించాలని ఉంటుంది. పిల్లలు సంచిని ఎలా విప్పుతారో నేను చాలాసార్లు గమనించాను. హాలు గుమ్మం దాటగానే మెట్ల మీద కూర్చుని సంచిని బోర్లిస్తారు. ఒక్క వస్తువును ఎంచుకుని చేతిలో పట్టుకుంటారు. మిగిలినవి మళ్ళీ సంచిలో వేసి అమ్మకు ఇస్తారు. ఇంటికి వెళ్ళేవరకు చేతిలో ఉండేది ఆ ఒక్కటే. కాబట్టి డబ్బు ఆ ఒక్కదాని మీద పెట్టండి.

ఐదేళ్ళ పిల్లలకు ఆ ఒక్కటి ఏమిటని అడిగితే నేను మొదట చెప్పేది పుస్తకం. ఇది ఉపాధ్యాయురాలిగా నా పక్షపాతం కావచ్చు కానీ ధర కూడా నా వైపే ఉంది. నేషనల్ బుక్ ట్రస్ట్ వారి నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు, ప్రథమ్ బుక్స్ వారి తెలుగు బొమ్మల పుస్తకాలు, మంచి పుస్తకం వారి ప్రచురణలు చాలావరకు మనం అనుకున్న ధరలోనే దొరుకుతాయి. అందరికీ ఒకే పుస్తకం కాకుండా అయిదారు రకాలు తీసుకుని కలిపి కట్టండి, అప్పుడు పిల్లలు ఒకరి పుస్తకం ఒకరు మార్చుకుంటారు. తెలుగు చదవడం రాని ఇళ్ళ పిల్లలు ఉంటే బొమ్మలు ఎక్కువ, మాటలు తక్కువ ఉన్నవి ఎంచండి. పుస్తకంతో పాటు 12 మైనపు రంగుల పెట్టె ఒకటి పెడితే సంచి పూర్తయినట్లే.

రెండోది ఏటికొప్పాక బొంగరం. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరిలో అంకుడు కర్రను తరిణె (లేత్ యంత్రం) మీద తిప్పుతూ, విత్తనాలు, వేళ్ళు, ఆకుల నుంచి తీసిన రంగులు కలిపిన లక్కను పూసి బొమ్మలు చేస్తారు. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. వేళ్ళతో తిప్పే చిన్న బొంగరం నాకు 40 నుంచి 60 రూపాయల మధ్య పడుతోంది. అంచులు నున్నగా ఉంటాయి, కింద పడినా విరగదు. చేతిపని కాబట్టి ముప్పై కావాలంటే కనీసం నెల ముందు చెప్పాలి, మీ పాప పుట్టినరోజుకు ఈ వారమే ఫోను చేయవలసి ఉంటుంది. కొండపల్లి బొమ్మలు కూడా నాకు చాలా ఇష్టమే. అయితే తేలికైన పొణికి కర్రతో చేసినవి కాబట్టి అవి అలమారలో పెట్టుకుని చూసుకోవడానికి తగినవి, ఐదేళ్ళ పిల్లవాడి చేతిలో ఏనుగు తొండం రెండు రోజుల్లో ఊడిపోతుంది. వాటిని పెద్దవారికి ఇవ్వండి.

మూడోది నేను సొంతంగా కుట్టించేది, అష్టాచెమ్మా గుడ్డ. అడుగు చదరం మందపాటి గుడ్డ మీద అయిదు గళ్ళ వరుసలు అయిదు, మధ్య గడిలోనూ నాలుగు వైపుల ఇంటి గళ్ళలోనూ కాటా (X) గుర్తు అచ్చు వేయించి, అంచులు కుట్టించి, నాలుగు గవ్వలూ నాలుగు రంగుల కాయలూ చిన్న మూటలో వేసి ఇస్తాను. దర్జీ కూలితో కలిపి 70 రూపాయలు అవుతుంది. ఈ కాలపు తల్లిదండ్రులలో చాలామందికి ఆట గుర్తున్నా నియమాలు గుర్తుండవు కాబట్టి, నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు, నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది అని మొదలుపెట్టి ఒక చీటీ రాసి లోపల పెడతాను. నిరుడు ఒక అమ్మమ్మగారు ఫోను చేసి, మనవడికి వచ్చిన సంచిలో ఆ గుడ్డ చూసి సాయంత్రమంతా కింద కూర్చుని వాడితో ఆడానని చెప్పారు. ఐదేళ్ళ పిల్లలకు గవ్వలు లెక్కపెట్టడం కూడా వస్తుంది. కానీ మూడేళ్ళ లోపు తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్న ఇళ్ళకు గవ్వలు పంపకండి, నోట్లో పెట్టుకుంటారు. ఆ సంచుల్లో పుస్తకం పెట్టి గుర్తు వేసుకోండి.

ఇతర వయసుల గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే మీ పాప కూడా పెరుగుతుంది. ఏడెనిమిదేళ్ళ పిల్లలకు తాడాట తాడు, ముక్కలు కలిపే బొమ్మల పజిల్, చిన్న భూతద్దం వంటివి అదే ధరలో వస్తాయి. పదేళ్ళు దాటినవారికి సంచి అక్కరలేదు, మంచి పెన్నో పుస్తకమో చాలు. పన్నెండేళ్ళ తరువాత నేను ఏమీ కట్టవద్దని చెప్పి, ఆ డబ్బుతో స్నేహితులకు ఇష్టమైనది తినిపించమంటాను.

కొనడం విషయానికి వస్తే, ముప్పై సంచులకు కావలసిన సరుకు హోల్‌సేల్‌లో కొనడానికి సరిపోయే పరిమాణమే. హైదరాబాదులో బేగంబజార్, విజయవాడలో వన్‌టౌన్, విశాఖపట్నంలో పూర్ణా మార్కెట్ పరిసరాలు ఇందుకు తెలిసిన చోట్లు. డజను లెక్కన ఇస్తారు కాబట్టి 30 కావాలంటే 36 తీసుకోవలసి వస్తుంది, మిగిలిన ఆరు రంగు పెట్టెలు ఇంట్లో పనికివస్తాయి. మీ వైపు నుంచి మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషను వరకు వెళ్ళి అక్కడి నుంచి ఆటోలో వెళ్ళండి, కారు తీసుకువెళితే నిలపడానికి చోటు వెతకడంలోనే ఉదయం గడిచిపోతుంది. హస్తకళల బొమ్మలకు లేపాక్షి, గోల్కొండ ప్రభుత్వ ఎంపోరియాలు ఉన్నాయి. ఆన్‌లైనులో ముప్పై సంచుల సెట్టు తక్కువకు వస్తున్నట్లు కనిపిస్తే ఒక్కటి తెప్పించి చేత్తో పట్టుకుని చూసిన తరువాతే మిగిలినవి చెప్పండి, ఫొటోలో అరచేయంత కనిపించిన వస్తువు బొటనవేలంత ఉండటం నేను రెండుసార్లు చూశాను. ఇంకొక సంగతి, 2025 సెప్టెంబరు 22 నుంచి పెన్సిళ్ళు, రబ్బర్లు, మైనపు రంగులు, నోటు పుస్తకాల మీద జీఎస్‌టీ పూర్తిగా తీసేశారు, చాక్లెట్ల మీద 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. బిల్లు తీసుకుని ఒకసారి చూసుకోండి.

భద్రత గురించి నేను కాస్త ఎక్కువగా చెబుతాను, దానికి కారణం ఉంది. 2017లో నేను కట్టిన సంచుల్లో తిప్పితే రంగురంగుల దీపాలు వెలిగే ప్లాస్టిక్ బొంగరాలు పెట్టాను. 35 రూపాయలకు వచ్చాయి, పిల్లలకు ఎంతో నచ్చాయి. మూడో రోజు ఒక తల్లి ఫోను చేశారు. వాళ్ళ రెండేళ్ళ పాప తన అన్న బొంగరాన్ని నేలకేసి కొడితే అడుగున ఉన్న మూత ఊడి, లోపలి బొత్తాం బ్యాటరీ బయటికి వచ్చిందట. పాప దాన్ని వేళ్ళతో పట్టుకుని నోటి దాకా తీసుకువెళ్ళే సమయానికి ఆవిడ చూశారు. ఆ మూతకు స్క్రూ లేదు, ఊరికే నొక్కి పెట్టినది. నేను కొనేటప్పుడు ఒక్క బొంగరాన్నైనా తిరగేసి చూడలేదు. బొత్తాం బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపలి కణజాలాన్ని కాల్చేయగలదని, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలని మా కాలనీ పిల్లల డాక్టరు చెప్పినప్పుడు నాకు కాళ్ళు చల్లబడ్డాయి. ఆ రాత్రే ఆ సంచులు తీసుకున్న ఇళ్ళన్నిటికీ వరుసగా ఫోన్లు చేసి బొంగరాలు వెనక్కి తెప్పించుకున్నాను. ఇప్పుడు చిన్న పిల్లల సంచిలో బ్యాటరీ ఉన్న వస్తువు ఏదీ పెట్టను.

2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ళ లోపు పిల్లల బొమ్మలకు మన దేశంలో ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. నమోదైన హస్తకళాకారుల బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికి మినహాయింపు ఉంది. కొనేటప్పుడు పెట్టె మీద ఆ గుర్తు కోసం చూడండి, విడిగా కుప్పపోసి అమ్మే బొమ్మల జోలికి వెళ్ళకండి. ఊదని బెలూన్లను సంచిలో వేయకండి, అవి చిన్నపిల్లల గొంతుకు అడ్డం పడతాయి. నీళ్ళలో వేస్తే ఉబ్బే రంగు పూసలు అసలే వద్దు, మింగితే కడుపులో ఉబ్బుతాయి. తినేవాటి విషయంలో, నాలుగేళ్ళ లోపు పిల్లలకు పల్లీలు, గట్టి బిళ్ళలు ఇవ్వకూడదు. వేసవిలో అయితే చాక్లెట్టు కరిగి పుస్తకం మీదికి వస్తుంది, మెత్తని నువ్వుల ఉండనో, మరమరాల ఉండనో విడిగా చుట్టి ఇవ్వడం మంచిది. పల్లీలో నువ్వులో పడని పిల్లలు ఎవరైనా ఉన్నారా అని తల్లులను ముందే అడగండి. డల్లాసులో ఉన్న మా చెల్లెలు అయితే ఈ కారణంగానే పిల్లల సంచిలో తినేవేవీ పెట్టనని చెబుతుంది.

సంచి ఎంపికలోనూ ఒక నియమం గుర్తుంచుకోండి. 120 మైక్రాన్ల కంటే పలుచని ప్లాస్టిక్ చేతి సంచులు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం. బెలూన్లకు తగిలించే ప్లాస్టిక్ పుల్లలు, థర్మోకోల్ అలంకరణ, ప్లాస్టిక్ చెంచాలు, పళ్ళాలు అదే ఏడాది జూలై నుంచే నిషేధించారు. గుడ్డ సంచి అయితే పిల్లలు తరువాత బడికి టిఫిను డబ్బా పెట్టుకుని వెళతారు, పది రూపాయలు ఎక్కువైనా నాకు అదే నచ్చుతుంది.

బడిలో పంచే విషయం కూడా అడిగారు. తరగతిలో 32 మంది ఉన్నారన్నారు. ముందు క్లాసు టీచరును అడగండి, చాలా బడులు ఇప్పుడు తినేవి పంచడానికి ఒప్పుకోవు. ఒప్పుకున్న చోట కూడా మనిషికి 10 నుంచి 15 రూపాయలు దాటవద్దు, ఒక మంచి పెన్సిలు చాలు. అపార్ట్‌మెంటు పిల్లలకు ఇచ్చే సంచి తరగతిలో ఇవ్వకండి. నేను పాఠాలు చెప్పిన రోజుల్లో ఒక పాప పుట్టినరోజుకు ఖరీదైన పెట్టెలు పంచారు. మరుసటి వారం పుట్టినరోజు ఉన్న పిల్లవాడు ఇంట్లో తెచ్చుకున్న టాఫీల సంచిని బ్యాగులోంచి బయటికి తీయలేదు. విరామంలో నేను అడిగితే, "నాది చిన్నదండీ టీచర్" అన్నాడు. ఇద్దరమూ కలిసి పంచాము.

ఇంట్లో పెద్దవారు, ముఖ్యంగా అత్తగారి వైపు వారు, తక్కువ ఇస్తే పరువు ఏమవుతుందని అంటారన్న భయం కూడా మీ ఉత్తరంలో కనిపించింది. వారితో వాదన పెట్టుకోకుండా మిగిలిన డబ్బును కనిపించే చోట పెట్టండి. వేడి వేడి పూరీలు అక్కడికక్కడే వేయించే ఏర్పాటు, పిల్లలతో గంటసేపు ఆటలు ఆడించే మనిషి, లేదా తోలుబొమ్మలాట వారో ఇంద్రజాలికుడో వస్తే పెద్దవారు ఆ వేడుక గురించే చెప్పుకుంటారు. సంచిలో ఎంత ఉందో లెక్క వేసే తీరిక ఎవరికీ ఉండదు.

ఒకవేళ 120 రూపాయలు కూడా భారమైతే 50 రూపాయలలో కూడా మంచి సంచి అవుతుంది. ఒక చిన్న పుస్తకం, ఒక పెన్సిలు, కాగితపు సంచి. అది తక్కువ సంచి అని నేను ఎన్నడూ అనుకోలేదు. ఇటువైపు, మీకు 400 పెట్టగల స్తోమత ఉన్నా 130 దాటవద్దనే చెబుతాను.

మీ అపార్ట్‌మెంటు తల్లులతో ఒకసారి మాట్లాడి చూడండని కూడా నా సలహా. నేను సంచులు కట్టి ఇచ్చే ఒక అపార్ట్‌మెంటులో ఏడుగురు తల్లులు కలిసి 150 రూపాయల హద్దు పెట్టుకున్నారు. దాన్ని ఎవరో ఒకరు మొదలుపెట్టాలి, 400 ఇచ్చినవారిని నొప్పించకుండా మొదలుపెట్టాలి. వాళ్ళ గ్రూపులో వచ్చిన సందేశం నాకు చూపించారు, ఇంచుమించు ఇలా ఉంది: "మన పిల్లల పుట్టినరోజులు వరుసగా వస్తున్నాయి. అందరం హాయిగా చేసుకోవడానికి రిటర్న్ గిఫ్టు 150 లోపు అనుకుందామా? మా బాబుది వచ్చే నెల, నేను 120లో కడుతున్నాను." ఇతరులకు నియమం చెప్పకముందు తన లెక్క తానే చెప్పుకున్నారు కాబట్టి ఎవరికీ కోపం రాలేదు. మొదటగా సరే అన్నది అంతకుముందు అందరికంటే ఎక్కువ ఖర్చు పెట్టినావిడే.

సంచులు కట్టే పనిని మీ పాప చేత చేయించండి. పుట్టినరోజుకు రెండు రోజుల ముందు సాయంత్రం నేల మీద చాప పరిచి, పుస్తకాలు ఒక వైపు, రంగులు ఒక వైపు పెట్టి, ఒక్కో సంచిలో ఒక్కొక్కటి వేయమంటే ఐదేళ్ళ పిల్ల లెక్క తప్పకుండా వేస్తుంది. చీటీల మీద అచ్చు వేయించవద్దు. మా వీధిలోని ఒక పాప "ధన్యవాదాలు" అని రాయడం మొదలుపెట్టి, ఒత్తు దగ్గర నాలుగుసార్లు ఆగిపోయి, మిగిలిన ఇరవై నాలుగు చీటీల మీద "మళ్ళీ రా" అని పెద్ద అక్షరాలతో రాసింది. ఆ చీటీని తమ ఫ్రిజ్ మీద అంటించుకున్నవారు ఇద్దరు నాకు తెలుసు.

వేడుక రోజున సంచులను గుమ్మం పక్కన బల్ల మీద పెట్టి, వెళ్ళేటప్పుడు మీ పాప చేతితోనే ఇప్పించండి. మొదట్లోనే ఇస్తే సగం సంచులు హాలులో విప్పి పోతాయి, వస్తువులు కలిసిపోయి ఏడుపులు మొదలవుతాయి. పేరు రాసినవి ఒక వరుసలో, పేరు లేని ఆరు అదనపు సంచులు బల్ల కింద ఉంచండి. వాచ్‌మన్ పిల్లలు భోజనానికి ముందే వచ్చేలా మీరే స్వయంగా వెళ్ళి పిలవండి, లేకపోతే వారు రారు.

అందరూ వెళ్ళాక పేరు రాసిన సంచి ఏదైనా బల్ల మీద మిగిలి ఉంటే, ఆ పిల్లవాడికి జ్వరమని కబురు వచ్చి ఉంటుంది. మరుసటి రోజు సాయంత్రం ఒక డబ్బాలో కేకు ముక్క పెట్టి, ఆ సంచి మీ పాప చేతికిచ్చి, ఇద్దరూ కలిసి వాళ్ళింటికి వెళ్ళి ఇచ్చి రండి. ఎందుకు రాలేదని మాత్రం అడగకండి.